ఘాటు రోడ్డు చెప్పే పాఠం

సంక్రాంతి సెలవుల తర్వాత నేను మా అయ్యతో నర్సీపట్నం నుండి చింతపల్లికి ఆర్టీసీ బస్సులో వచ్చాను. డౌనూరు దాటాక ఘాటీ మొదలైంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మధ్యలో మంచు. చూడ్డానికి చాలా బాగుంది. చూస్తుంటే నాలుగు ప్రశ్నలు పుట్టాయి. పుస్తకాలు చదివి, మాస్టార్లను అడిగి తెలుసుకున్నది కింద రాస్తున్నాను.

1. దారికి ఇన్ని మెలికలు ఎందుకు?

మనం కాలిబాటన నిట్టనిలువుగా కొండ ఎక్కేస్తాం. బస్సు అలా ఎక్కలేదు. వాలుతలం పాఠం గుర్తు తెచ్చుకోండి. బస్తాను మీటరు ఎత్తుకి తిన్నగా లేపాలంటే దాని బరువంత బలం కావాలి. అదే 10 మీటర్ల పలక మీద నెడితే, రాపిడిని లెక్కలోకి తీసుకోకపోతే, పదోవంతు బలం చాలు. కాని దూరం పదిరెట్లు. అంటే పని తగ్గదు, సాగుతుంది అంతే. ఘాటు రోడ్డు కూడా అటువంటి పొడవాటి పలకే. కొండ చుట్టూ మడతలు పెట్టారన్నమాట.

2. దిగేటప్పుడు కూడా చిన్న గేరు ఎందుకు?

గేరు తీసేసి ఒట్టి బ్రేకు మీద దింపితే రాపిడికి బ్రేకులు వేడెక్కి పట్టు పోతుంది. చిన్న గేరులో ఉంటే ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. ఇంకొక నియమం: ఇరుకు చోట రెండు బండ్లు ఎదురైతే దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారి ఇవ్వాలి. జీపు టాపెక్కి సంతకు పోయే మిత్రులారా, ఇది వినండి! మలుపులో బండి తిరుగుద్ది, మన ఒళ్లు మాత్రం తిన్నగానే పోవాలని చూస్తుంది. దాన్నే జడత్వం అంటారు. టాపు మీద పట్టుకోడానికి ఏముంది?

3. లంబసింగిలో అంత చలి ఎందుకు?

ఆ ఊరు సముద్ర మట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. పైకి పోయేకొద్దీ గాలి చల్లబడుతుంది, 1000 మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు. పైగా చలికాలం రాత్రి మబ్బు లేకపోతే నేల వేడి పైకి పోతుంది. ఆ ఊరికి కొర్రబొయలు అని ఇంకో పేరు. బయట పడుకుంటే కర్రలా బిగుసుకుపోతారని అర్థం చెబుతారు.

4. మన్యంలో ఘాటు దారులు ఎవరు వేశారు?

వేయించింది బ్రిటిషు వారు. వేసింది మన గిరిజనులు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడుకు ఆటంకాలు పెరిగాయి. ఆ పైన గూడెం డిప్యూటీ తహసిల్దారు బాస్టియన్ గిరిజనులను దారి పనికి పెట్టి సరైన కూలి ఇవ్వలేదు. 1922 మన్యం పోరాటానికి ఇదొక కారణం. అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొర మొదలైనవారు ఆ సంవత్సరం ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేశారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు పోరాటంలో చనిపోయారు. ఘాటీల్లో ప్రతి మలుపూ మనవాళ్లకు తెలుసు కదా!

పుస్తకాల్లో నాయకుల పేర్లు ఉన్నాయి. రాళ్లు కొట్టి, మట్టి మోసినవాళ్ల పేర్లు లేవు. పని తగ్గదు అని పైన చెప్పుకున్నాం. ఈరోజు మనం బస్సులో కూర్చుని సుఖంగా ఎక్కుతున్నామంటే, ఆ కష్టం ముందుగానే ఎవరో పడ్డారు.

అందుచేత మీకు ఒక పని. ఈసారి ఇంటికి పోయినప్పుడు మీ తాతను, అవ్వను అడగండి. మీ ఊరి దారి ఎప్పుడు పడింది? పనికి ఎవరెవరు పోయారు? కూలి ఎంత ఇచ్చారు? పేర్లతో సహా రాసి తెండి. మన గోడ పత్రికలో వేద్దాం.

– తొమ్మిదో తరగతి విద్యార్థి