మూడు గడులు, ఒక అడ్డగీత

ఈ నెల సాంఘిక శాస్త్రం పేజీ నాకు ఇచ్చిండ్రు. పాఠ్యపుస్తకంలో సగం ఉండి సగం లేని విషయం ఒకటి తీసుకున్న.

ఏ దరఖాస్తు అయినా చూడండి. జాతీయత అని ఒక గడి, కులం లేదా తెగ అని ఒక గడి, మాతృభాష అని ఒక గడి ఉంటయి. మొదటి గడిలో మనమందరం ఒకటే రాస్తం: భారతీయుడు, భారతీయురాలు. రెండో గడిలో లంబాడీ, గోండు, కోయ, ఎరుకల అని విడిపోతం. మూడో గడి దగ్గర మాత్రం చాలామందికి కలం ఆగుతది. ఈ గడులు ఒకదానికొకటి అడ్డమా? 'నేను లంబాడీని' అని గట్టిగా అంటే 'నేను భారతీయుణ్ణి' అన్న మాట తగ్గుతదా? డైనింగ్ హాల్లో ఈ మాట మీద వాదన పెరిగి పెద్దదైన సంగతి మీకందరికీ ఎరుకే. అందుకే రాస్తున్న.

ఈ కొట్లాట మన ఒక్కళ్లదే కాదు. అమెరికాలో దీనికి నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అక్కడికి వేరే దేశాల నుంచి వచ్చినవాళ్లు తమను ఐరిష్-అమెరికన్, జర్మన్-అమెరికన్ అని చెప్పుకునేవాళ్లు. రెండు మాటల మధ్య ఉన్న ఆ చిన్న అడ్డగీతను హైఫన్ అంటరు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1915లో, మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ న్యూయార్కు సభలో మాట్లాడుతూ ఈ దేశంలో అడ్డగీత అమెరికన్లకు చోటు లేదన్నడు. ఆయన లెక్కలో అడ్డగీత ఉందంటే మనసు రెండు దేశాల మీద ఉన్నట్టు. 1917లో అమెరికా యుద్ధంలో దిగినంక జర్మన్ పేర్ల మీద ఎంత కోపం వచ్చిందంటే, జర్మన్లు తినే పులిసిన క్యాబేజీకి కూడా పేరు మార్చి 'స్వేచ్ఛా క్యాబేజీ' అన్నరు. పేరు మార్చినంత మాత్రాన పులుపు పోలేదనుకోండి. మన మెస్సులో సాంబారుకు ఏ పేరు పెట్టినా అంతే గదా!

ఇది నవ్వుకునే ముచ్చట. నవ్వరానిది ఇంకొకటి ఉంది. 1942 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ (మొదటాయన కాదు, ఈయన వేరు) ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టిండు. దాని ప్రకారం సుమారు 1,20,000 మంది జపాన్ మూలాలవాళ్లను ఇండ్లు, దుకాణాలు, పొలాలు విడిపించి ముళ్లకంచె శిబిరాలకు తోలిండ్రు. వాళ్లలో దాదాపు మూడింట రెండు వంతులు అమెరికా పౌరులే. వాళ్లు ఏదో చేసినట్టు రుజువు చూపి పట్టుకుపోలేదు, పేరు చూసి పట్టుకుపోయిండ్రు. 1988లో చట్టం చేసి క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇచ్చిండ్రు. 46 ఏండ్లు పట్టింది.

ఇప్పుడు తెలుగు వ్యాకరణం దగ్గరికి వద్దాం. మన భాషలో మాటల మధ్య అడ్డగీత అవసరం లేదు, సమాసం ఉంది. పదో తరగతివాళ్లకు ఇది కొట్టిన పిండి. 'తల్లిదండ్రులు' ద్వంద్వ సమాసం: తల్లియును, తండ్రియును. ఇద్దరు మనుషులు, రెండూ సమానమైన మాటలు, చివర బహువచనం. 'నల్లకలువ' విశేషణ పూర్వపద కర్మధారయం: నల్లనైన కలువ. ఉన్నది ఒకటే పువ్వు. నల్ల అనేది ఎట్లాంటి పువ్వో చెప్పింది, అంతే. నాకు తోచింది ఏమిటంటే, రూజ్‌వెల్ట్ 'జర్మన్-అమెరికన్'ను ద్వంద్వం అనుకున్నడు. ఒకే ఒంట్లో ఇద్దరు మనుషులున్నరు, ఏ రోజు ఎవరు బయటికి వస్తరో అని అనుమానపడ్డడు. ఆ పేరు పెట్టుకున్నవాళ్లలో చాలామంది కర్మధారయం అనుకున్నరు. వాళ్లకు అసలు మాట అమెరికన్, ముందున్నది ఎట్లాంటి అమెరికనో చెప్పే మాట. కొట్లాటంతా విగ్రహవాక్యం దగ్గర వచ్చింది. 2019లో అక్కడి అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఇట్లాంటి పేర్లలో హైఫన్ తీసేసింది. గీత ఉంటే సగం సగం మనుషులన్నట్టు కనబడుతున్నదని చాలామంది అనబట్టే.

మన తెలుగువాళ్లు అమెరికా పోతే అక్కడ ఇంకో తమాషా. కొలంబస్ 1492లో దారి తప్పి, దిగిన నేలను ఇండియా అనుకుని అక్కడి ఆదివాసులను 'ఇండియన్లు' అన్నడు. ఆ పేరు వాళ్లకు అట్లే అంటుకుపోయింది. అసలు ఇండియా నుంచి పోయినవాళ్లకు పేరు మిగల్లేదు. చివరికి 1980 జనాభా లెక్కల్లో 'ఏషియన్ ఇండియన్' అని కొత్త గడి పెట్టిండ్రు. అంతకుముందు బర్మా పోయిన తెలుగు కూలీలను అక్కడివాళ్లు 'కోరంగీలు' అనేవాళ్లు. ఎందుకంటే వాళ్లు ఓడ ఎక్కిన రేవు కాకినాడ దగ్గరి కోరంగి. ఎక్కిన రేవే జాతి పేరయింది. పేర్లు ఎక్కువసార్లు ఎదుటివాడు పెట్టినవే.

మన పేర్లూ అంతే. మేము మాలో మేము 'గోర్' అనుకుంటం. బయటివాళ్లను 'కోర్' అంటం. లంబాడీ, సుగాలి, బంజారా అన్నవి బయట తిరిగే పేర్లు. గోండులు తమను 'కోయితూర్' అనుకుంటరు. ఎరుకలవాళ్లు తమను 'కుర్రు' అనుకుంటరు. ఒకే గదిలో ఆరుగురం పడుకుంటం గానీ, ఎదుటివాడు ఇంట్లో తనను తాను ఏమనుకుంటడో ఎంతమందికి తెలుసు?

పేరు ఒక్కోసారి సంకెల కూడా అయింది. 1871లో ఇంగ్లీషువాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చిండ్రు. ఆ జాబితాలో ఉన్న కులంలో పుట్టినవాడు ఏమీ చెయ్యకముందే అనుమానితుడు. తర్వాత మద్రాసు రాజధానిలో ఎరుకలవాళ్ల మీద ఆ చట్టం పెట్టి, స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో ఉంచి హాజరు తీసుకునేవాళ్లు. స్వతంత్రం వచ్చినంక, 1952లో అది రద్దయింది. మన బడిలో రాత్రి హాజరు పిలిస్తే విసుక్కుంటం గదా, అక్కడ పెద్ద మనుషులకు హాజరు!

ఇక రాజ్యాంగ సభ సంగతి. అక్కడ మనవాళ్ల తరఫున గట్టిగా మాట్లాడినాయన జైపాల్ సింగ్ ముండా. ఛోటా నాగపూర్ ముండా తెగవాడు. 1928 ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన భారత హాకీ జట్టుకు కెప్టెన్. దేశం పేరు చొక్కా మీద వేసుకుని ఆడిన మనిషి 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో లేచి, తాను జంగ్లీనని గర్వంగా చెప్పుకున్నడు. ఆయనకు ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం రాలేదు. రాజ్యాంగంలో 'ఆదివాసీ' అన్న మాటే ఉండాలని ఆయన పట్టు. అడవిమనుషులు అనే అర్థం వచ్చే పేర్లు ఆయనకు నచ్చలేదు. మాలో చాలామంది అడవిలో ఉండరు గదా అన్నడు. అంబేద్కర్ 1948లో జవాబు చెప్పిండు: ఆదివాసీ అనేది అందరూ వాడే సాధారణ మాట, దానికి చట్టంలో హద్దు లేదు, షెడ్యూల్డు తెగ అంటే పేర్ల జాబితా ఉంటది కాబట్టి ఎవరికి హక్కో తేల్చి చెప్పవచ్చు.

ఇద్దరి మాటలోనూ బలం ఉంది. ఒకాయన గౌరవం అడిగిండు, ఇంకొకాయన కోర్టులో నిలబడే మాట అడిగిండు. చివరికి 342వ అధికరణంలో షెడ్యూల్డు తెగలు అనే నిలిచింది. ఇక్కడ ఒకటి గమనించండి. మొదటా చివరా భారతీయులుగానే ఉండాలని 1938లోనే బొంబాయి శాసనసభలో చెప్పిన మనిషి కూడా ఈ అంబేద్కరే. తెగల జాబితా ఉండాలన్నందుకు ఆ మాట ఆయన వెనక్కి తీసుకోలేదు. మన రాజ్యాంగంలో పౌరసత్వం ఒకటే. తెలంగాణ పౌరుడు, లంబాడీ పౌరుడు అని వేరే లేరు. అదే రాజ్యాంగం 29వ అధికరణంలో ఎవరి భాష, లిపి, సంస్కృతి వాళ్లు కాపాడుకునే హక్కు ఇచ్చింది. భారతీయుడివి కావాలంటే ముందు భాష వదిలెయ్యి అని ఎక్కడా రాయలేదు.

ఇప్పుడు డైనింగ్ హాల్ వాదనకు వస్త. నేను లంబాడీని, కాబట్టి నా మాటను కొంచెం తక్కువ తూకం వేసుకోండి. 1950 నాటి జాబితాలో తెలంగాణ లంబాడీలు లేరు. ఆంధ్ర ప్రాంతం సుగాలీలు షెడ్యూల్డు తెగగా ఉన్నరు, ఇక్కడివాళ్లు కాలేదు. 1976 సవరణ చట్టంతో ఈ తేడా పోయి మనమూ షెడ్యూల్డు తెగ అయినం. సరిహద్దు దాటితే ఇదీ మారుతది. జహీరాబాద్ దాటి కర్ణాటకలో అడుగు పెడితే అదే లంబాడీ షెడ్యూల్డు కులం. మహారాష్ట్రలో విముక్త జాతి. మనిషి అదే, యాడి అదే, తండా పాట అదే, సర్టిఫికెట్ వేరు.

2017లో ఆదిలాబాద్ వైపు గోండు, కోలాం సోదరులు లంబాడీలను జాబితా నుంచి తీసెయ్యాలని పెద్ద ఉద్యమం చేసిండ్రు. డిసెంబరులో ఉట్నూరు ప్రాంతంలో గొడవలు కూడా అయినయి. 2011 లెక్కల ప్రకారం తెలంగాణలో గిరిజనులు 30 లక్షలకు పైనే, అందులో మూడింట రెండు వంతుల దాకా లంబాడీలే. కొలువులు, సీట్లు ఎవరికెన్ని పోతున్నయి అని కోలాం తమ్ముడు అడిగితే అది న్యాయమైన ప్రశ్న. దానికి కోపంతో కాదు, లెక్కతో జవాబు చెప్పాలె. జాబితాలో చేర్చేదీ తీసేదీ పార్లమెంటు, మన మెస్సు కాదు. కానీ 'మీరు వలస వచ్చిండ్రు, ఈ నేల మీది కాదు' అంటే మాత్రం నేను ఒప్పుకోను. మా తాతముత్తాతలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోస్తూ మొగలుల కాలంలో దక్కనుకు వచ్చిండ్రు. రైళ్లు వచ్చి ఆ బతుకు పోయినంక దొరికిన చోట దున్నుకుని తండాలు కట్టుకున్నరు. అక్కన్నపేట, హుస్నాబాద్ దిక్కు తండాలు అట్లా నిలిచినవే. అట్లాగే మనోళ్లు కొందరు గోండి మాట్లాడితే నవ్వుతరు. అదీ నేను ఒప్పుకోను. వాళ్లను నవ్వి, మనల్ని నవ్వొద్దంటే ఎట్ల?

చివరికి మూడో గడి, మాతృభాష. మన హాస్టల్లో లంబాడీ పిల్లల్లో చాలామందికి ఆ గడిలో తెలుగు అని ఉంటది. మొదటిసారి బడిలో వేసినప్పుడు ఎవరో అట్లా రాసిండ్రు, అదే నడుస్తున్నది. తెలుగు నాకు ఇష్టం, ఈ వ్యాసమే తెలుగులో రాస్తున్న. కానీ అది నేను బడిలో నేర్చుకున్న భాష. 2011 జనాభా లెక్కల్లో లంబాడీ మాతృభాష అని చెప్పినవాళ్లు దేశం మొత్తంలో 32 లక్షలకు పైగా ఉన్నరు. వాళ్లందరినీ హిందీ పద్దులో కలిపేసిండ్రు. ఎరుకల భాషను తమిళం పద్దులో కలిపిండ్రు. గోండి మాట్లాడేవాళ్లు 29 లక్షలు, మనకంటే తక్కువే, కానీ గోండికి వేరే వరుస ఉంది. అది వాళ్ల అదృష్టం కాదు, హక్కు. అయినా గోండి గానీ లంబాడీ గానీ ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో లేవు. సంతాలీ, బోడో 2003 సవరణతో చేరినయి. చేరినంత మాత్రాన సంతాలులు భారతీయులు కాకుండా పోలేదు గదా.

పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో ఉండాలని 350-ఏ అధికరణం చెప్తది. అది 1956 నుంచి రాజ్యాంగంలో ఉంది. ఆదిలాబాద్ మార్లవాయిలో 1943లోనే హైమండార్ఫ్ దొర సలహాతో గోండి వాచకాలు తయారు చేసి పిల్లలకు చెప్పిండ్రు. అంటే అయ్యే పనే. కానీ ఏ భాషకు ఎన్ని వాచకాలు కావాల్నో తెల్వాలంటే ముందు ఆ భాష కాగితం మీద కనబడాలె.

వచ్చే జనాభా లెక్కలకు 2027 మార్చి 1ని లెక్క తేదీగా ప్రభుత్వం 2025లో ప్రకటించింది. ఈసారి కులం వివరం కూడా అడుగుతరు. తండాకు వచ్చే ఎన్యూమరేటరు సార్లు ఇంట్లో పెద్దలను అడుగుతరు, మనల్ని కాదు. మన అమ్మానాయనలు ఆయన తెలుగులో అడిగిండు గదా అని 'తెలుగే సార్' అనేస్తరు. కాబట్టి ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడే చెప్పి పెట్టండి: జాతీయత భారతీయులు, మాతృభాష ఇంట్లో మాట్లాడేది. రాసిన మాట చదివి వినిపించమని అడగడానికి మొగమాటపడొద్దు.

వచ్చే సంచికకు నాలుగు భాషల మాటల పట్టిక తయారు చేస్తున్నం. నీళ్లతో మొదలుపెట్టినం: లంబాడీలో పాణి, గోండిలో యేర్, ఎరుకలలో తణ్ణి. నిప్పు, వాన, జొన్నరొట్టె, చుట్టం, చెల్లెలు అనే మాటలకు మీ ఇంటి పేర్లు కాగితం మీద రాసి, ఆదివారం లోపల నోటీసు బోర్డు పక్కనున్న డబ్బాలో వెయ్యండి. తెలుగు లిపిలో రాయరాని చప్పుడు ఏదైనా ఉంటే నోటితో వచ్చి చెప్పండి, రాసే దారి చూద్దాం.