ప్రశ్నలు - జవాబులు: క్రిప్టో పైసలు ఎటు పోయాయో చూసుకోవడం ఎలా?

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం క్రిప్టో గురించే. అందుకే మిగతా ప్రశ్నలను పక్కన పెట్టి వీటికే చోటిస్తున్నాను. రాసినవారి పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: నాకు కిరాణా దుకాణం ఉంది. వాట్సాప్ గ్రూపులో పరిచయమైన ఒకాయన మాట నమ్మి ఒక ట్రేడింగ్ యాప్‌లో మూడు విడతలుగా 2 లక్షల 40 వేలు పెట్టాను. పైసలు యూపీఐలో పంపాను. ఇప్పుడు యాప్‌లో 11 వేల యూఎస్‌డీటీ కనిపిస్తోంది. తీసుకుందామంటే ముందు 20 శాతం టాక్స్ కట్టాలంటున్నారు. 'మీ సొమ్ము బ్లాక్‌చెయిన్‌లో భద్రంగా ఉంది' అని ఒక స్క్రీన్‌షాట్ కూడా పంపారు. నిజమో కాదో నేనే చూసుకోగలనా? - కామారెడ్డి

జవాబు: చూసుకోగలరు. కానీ ముందు ఒక మాట. ఆ 20 శాతం కట్టకండి. ఒక్క రూపాయి కూడా పంపకండి. మన దేశంలో క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను 2022 ఏప్రిల్ 1 నుంచి ఉంది. అమ్మినప్పుడు 1 శాతం టీడీఎస్ కోయడం అదే ఏడాది జూలై 1 నుంచి మొదలైంది. ఆ పన్ను మీ పాన్ నంబరు మీద ప్రభుత్వానికి జమవుతుంది. సొమ్ము విడిపించుకోవడానికి ఎవరి వాలెట్‌కో, ఎవరి యూపీఐకో ముందుగా కట్టే పన్ను అంటూ ఏదీ లేదు.

ఇక చూసుకునే పద్ధతి. బ్లాక్‌చెయిన్‌లో జరిగిన ప్రతి బదిలీ అందరికీ కనిపించేలా నమోదవుతుంది. ఆ నమోదును చూపించే వెబ్‌సైటే ఎక్స్‌ప్లోరర్. సర్వే నంబరు కొట్టి పహాణీ చూసుకున్నట్టే ఇక్కడ అడ్రసో, ట్రాన్సాక్షన్ హాషో కొట్టి చూసుకోవచ్చు. కాకపోతే పహాణీలో పట్టాదారు పేరుంటుంది, ఇక్కడ మనిషి పేరు ఉండదు. మోసగాళ్లకు కలిసొచ్చేది ఇదే.

స్క్రీన్‌షాట్‌కు విలువ లేదు. దాన్ని ఫోన్‌లోనే ఐదు నిమిషాల్లో తయారు చేయొచ్చు. వాళ్లను రెండే అడగండి: ట్రాన్సాక్షన్ హాష్, నెట్‌వర్క్ పేరు. హాష్ అంటే అంకెలూ ఇంగ్లిష్ అక్షరాలూ కలిసిన 64 గుర్తుల వరుస. డాలరు విలువకు ముడిపెట్టిన టోకెన్ యూఎస్‌డీటీ. అది ఒకే నెట్‌వర్క్ మీద నడవదు. అడ్రసు 'టీ' అక్షరంతో మొదలై 34 గుర్తులుంటే అది ట్రాన్ నెట్‌వర్క్, దానికి ట్రాన్‌స్కాన్‌లో చూడాలి. సున్నా, 'ఎక్స్'తో మొదలైతే ఇథీరియం గానీ దాని తరహా నెట్‌వర్క్ గానీ అయి ఉంటుంది. ఇథీరియంకు ఈథర్‌స్కాన్ ఉంది. హాష్ ఇవ్వకుండా నాన్చుతున్నారంటే ఆ బదిలీ జరగలేదనే అనుకోండి.

హాష్ ఇచ్చారనుకుందాం. అక్కడ బదిలీ పూర్తయిందా విఫలమైందా, ఏ తేదీ, ఎంత మొత్తం, ఏ అడ్రసు నుంచి ఏ అడ్రసుకు అన్నవి కనిపిస్తాయి. అప్పుడు మీరు వేసుకోవాల్సిన అసలు ప్రశ్న ఒకటుంది: ఆ చేరిన అడ్రసు ఎవరి చేతిలో ఉంది? దాని ప్రైవేట్ కీ, అంటే అక్కడి సొమ్మును కదిలించే రహస్య సంకేతం, మీ దగ్గర లేకపోతే అక్కడ కోటి డాలర్లు కనిపించినా అవి మీవి కావు. లోకంలో ఏ పెద్ద వాలెట్ పేజీనైనా తెరిచి 'ఇదిగో నీ సొమ్ము' అని చూపించడం ఎవరికైనా సాధ్యమే. ఇంకో కిటుకు కూడా ఉంది. యూఎస్‌డీటీ అన్న పేరును ఎవరైనా తమ సొంత టోకెన్‌కు పెట్టుకోవచ్చు. అసలుదో నకిలీదో తేలాలంటే ఎక్స్‌ప్లోరర్‌లో ఆ టోకెన్ కాంట్రాక్ట్ అడ్రసు చూసి, దాన్ని విడుదల చేసే టెథర్ కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్నదానితో పోల్చాలి.

మీ విషయంలో మరో సంగతి ఉంది. మీరు పంపింది రూపాయలు, అదీ యూపీఐలో. అది బ్లాక్‌చెయిన్‌కు ఎక్కనే ఎక్కదు. యాప్‌లో కనిపించే 11 వేలు ఆ యాప్ నడిపేవాళ్లు తెర మీద రాసిన అంకె. మీ సాక్ష్యం ఎక్స్‌ప్లోరర్‌లో లేదు, మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ప్రతి బదిలీకి ఉండే యూటీఆర్ నంబర్లలో ఉంది. అవి తీసుకుని ఈ రోజే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. గ్రూపులో వాళ్లతో తగవు పెట్టుకోకండి, చాట్ చెరిపేయకండి.

సిగ్గుపడి ఆగిపోకండి. 44వ జాతీయ రహదారి మీద నిజామాబాద్ జిల్లా దాటితే వచ్చే నిర్మల్‌లో 2024లో యూబిట్ పేరుతో నడిచిన గొలుసుకట్టు స్కీమ్ కేసులో పోలీసులు అరెస్టు చేసినవారిలో ప్రభుత్వ ఉద్యోగులే ఉన్నారు. చదువుకున్నవాళ్లు, తెలిసినవాళ్లు చెబితేనే జనం నమ్ముతారు. నమ్మినవాళ్లది తెలివితక్కువతనం అనడం అన్యాయం.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్న. గూగుల్‌ల కొడితే మొదట వచ్చిన ఎక్స్‌ప్లోరర్ తెరిచిన. 'వాలెట్ కనెక్ట్ చేయండి' అన్నది, తర్వాత 12 పదాలు అడిగింది. ఇయ్యాల్నా? - ఎల్లారెడ్డి

జవాబు: వద్దు. చూడటానికి ఏ కీ అక్కర్లేదు. లాగిన్ అక్కర్లేదు, ఫోన్ నంబరు కూడా అక్కర్లేదు. ఆ 12 పదాలు, కొన్ని వాలెట్లలో 24 పదాలు, ఎవరి చేతికి వెళ్తే వాలెట్ వాళ్లదే. పేరున్న ఎక్స్‌ప్లోరర్లలోనూ వాలెట్ కనెక్ట్ బటన్ ఉంటుంది. అది వేరే పనులకు, బదిలీ చూసుకోవడానికి కాదు. పదాలు అడిగిందంటే మాత్రం అది దొంగ సైటే. గూగుల్‌లో పైన వచ్చేవి చాలాసార్లు ప్రకటనలు. అడ్రసు మీరే టైపు చేసి, అక్షరం అక్షరం సరిచూసుకుని బుక్‌మార్క్ పెట్టుకోండి. ఇప్పటికే పదాలు ఇచ్చేసి ఉంటే ఈ జవాబు చదవడం ఆపి, కొత్త వాలెట్ తెరిచి ఉన్నదంతా అందులోకి మార్చండి. పాత వాలెట్‌ను మళ్లీ వాడకండి.

ప్రశ్న: నా వాలెట్‌లోకి ఎవరో సున్నా యూఎస్‌డీటీ పంపినట్టు ఎక్స్‌ప్లోరర్‌లో కనిపిస్తోంది. పంపిన అడ్రసు మొదటి, చివరి అక్షరాలు మా అన్న అడ్రసులాగే ఉన్నాయి. అన్న మాత్రం తాను పంపలేదంటున్నాడు. - కామారెడ్డి

జవాబు: మీ అన్న నిజమే చెబుతున్నాడు. దీన్ని అడ్రస్ పాయిజనింగ్ అంటారు. మీరు తరచూ ఎవరికి పంపుతారో మోసగాడు ఎక్స్‌ప్లోరర్‌లోనే చూస్తాడు. మొదలూ చివరా అలాగే ఉండే అడ్రసును కంప్యూటర్‌తో తయారు చేసి మీ హిస్టరీలోకి చొప్పిస్తాడు. వచ్చేసారి మీరు హిస్టరీలోంచి కాపీ చేసుకుంటారని అతని ఎదురుచూపు. 2024 మే నెలలో ఇలాగే ఒక వ్యక్తి సుమారు 6 కోట్ల 80 లక్షల డాలర్ల విలువైన బిట్‌కాయిన్ టోకెన్లను తప్పు అడ్రసుకు పంపేశాడు. ఆ దొంగ తర్వాత తిరిగి పంపడం అరుదైన సంగతి, దాన్ని ఆశగా పెట్టుకోవద్దు.

మీ వాలెట్ హ్యాక్ కాలేదు. ఆ వరుసను వదిలేయండి. అన్న అడ్రసును అన్న దగ్గరే తీసుకుని పూర్తిగా పోల్చి, వాలెట్‌లో పేరుతో భద్రపరచుకోండి. పెద్ద మొత్తమైతే ముందు చిన్న మొత్తం పంపి, చేరిందని ఫోన్‌లో అడిగాకే మిగతాది పంపండి. రెండుసార్లు ఫీజు పడుతుంది, పడనివ్వండి.

ప్రశ్న: బిట్‌కాయిన్ పంపి మూడు గంటలైంది. ఎక్స్‌ప్లోరర్‌లో ఇంకా ధ్రువీకరణ కాలేదనే ఉంది. పోయినట్టేనా? - ఎల్లారెడ్డి

జవాబు: పోలేదు. బదిలీలను ఒకచోట చేర్చిన బ్లాక్ సగటున పది నిమిషాలకొకటి వస్తుంది. ఎక్కువ ఫీజు కట్టినవాళ్ల బదిలీలు ముందు ఎక్కుతాయి. మీరు ఫీజు తక్కువ పెట్టి ఉంటారు. ఆగండి. పెద్ద మొత్తాలకు ఆరు ధ్రువీకరణలు, అంటే సుమారు గంట, చూడటం ఆనవాయితీ. ఈలోగా 'త్వరగా చేయిస్తాం' అంటూ మెసేజ్ పెట్టేవాళ్లకు బదులివ్వకండి.

ప్రశ్న: మా ఆయన దుబాయ్‌లో పనిచేస్తారు. బ్యాంకు కంటే రేటు ఎక్కువ వస్తుందని యూఎస్‌డీటీ పంపుతానంటున్నారు. ఇక్కడ ఒకతను దాన్ని తీసుకుని నా ఖాతాలో రూపాయలు వేస్తాడట. ఎక్స్‌ప్లోరర్‌లో అన్నీ చూసుకోవచ్చు, భయం లేదంటున్నారు. - ఎల్లారెడ్డి దగ్గర ఒక గ్రామం

జవాబు: అమ్మా, ఆ మాట సగమే నిజం. యూఎస్‌డీటీ ఎవరికి చేరిందో ఎక్స్‌ప్లోరర్ చూపిస్తుంది. మీ ఖాతాలో పడే రూపాయలు ఎక్కడివో చూపించదు. అవి ఇంకో ఊళ్లో ఎవరినో మోసం చేసి లాగిన పైసలైతే, ఆ బాధితుడు ఫిర్యాదు చేసిన రోజు మీ ఖాతా ఆగిపోవచ్చు. ఫిర్యాదు ఏ రాష్ట్రంలో నమోదైతే ఆ పోలీసులకు మీరు సంజాయిషీ ఇచ్చుకోవాలి. పిల్లల ఫీజు, ఇంటి ఖర్చు ఆ ఖాతాలోనే ఉంటాయి కదా. రేటులో మిగిలే కొంచెం కోసం ఇంత ప్రమాదం తగదు. మా కామారెడ్డి జిల్లాలో గల్ఫ్ సంపాదన మీద నడిచే ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి గట్టిగా చెబుతున్నాను. బ్యాంకు ద్వారానో, లైసెన్సున్న ఎక్స్ఛేంజ్ హౌస్ ద్వారానో పంపమనండి. విదేశాల్లో ఉండేవారికిచ్చే ఎన్‌ఆర్‌ఈ ఖాతా లేకపోతే తెరిపించండి. ఇప్పటికే చేతిలో క్రిప్టో ఉంటే, కేంద్ర ఆర్థిక నిఘా విభాగం ఎఫ్‌ఐయూలో నమోదైన క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లోనే అమ్మండి. 2023 మార్చి నుంచి ఈ ఎక్స్ఛేంజ్‌లు మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి.

ప్రశ్న: వజీర్‌ఎక్స్ హ్యాక్‌లో నా పైసలు ఇరుక్కున్నాయి. దొంగ వాలెట్ ఎక్స్‌ప్లోరర్‌లో కనిపిస్తుందని, 15 వేలు ఇస్తే వెనక్కి రప్పిస్తామని ఒక రికవరీ ఏజెంటు ఫోన్ చేశాడు. - కామారెడ్డి

జవాబు: 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ అనే ఆ క్రిప్టో ఎక్స్ఛేంజ్ వాలెట్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల క్రిప్టో పోయింది, మన లెక్కలో 2 వేల కోట్ల రూపాయలకు దగ్గర. ఆ బదిలీ జరిగిన వెంటనే లోకమంతా ఎక్స్‌ప్లోరర్‌లో చూసింది. ఎవరూ ఆపలేకపోయారు. 2025 జనవరిలో అమెరికా, జపాన్, దక్షిణ కొరియా ప్రభుత్వాలు ఇది ఉత్తర కొరియా హ్యాకర్ల పని అని ఉమ్మడిగా ప్రకటించాయి. మూడు ప్రభుత్వాలకు సాధ్యం కానిది 15 వేలకు ఒక ఫోన్ ఏజెంటు చేస్తాడా? కంపెనీ బాకీల వ్యవహారం సింగపూర్ కోర్టుకు వెళ్లింది. మీకు రావాల్సింది ఏమైనా ఉంటే ఆ దారినే వస్తుంది, దానికి ఏజెంటుకు ఫీజు అక్కర్లేదు.

అలాగని ఎక్స్‌ప్లోరర్ దండగ అనుకోకండి. యూఎస్‌డీటీ విషయంలో టెథర్ కంపెనీకి ఒక అడ్రసును స్తంభింపజేసే అధికారం ఉంది, దర్యాప్తు సంస్థలు అడిగినప్పుడు చాలాసార్లు ఆ పని చేసింది. బిట్‌కాయిన్‌కు అలాంటి తాళం లేదు. కాబట్టి యూఎస్‌డీటీ పోగొట్టుకున్నవాళ్లకు మొదటి కొన్ని గంటలు చాలా విలువైనవి. హాష్, పంపిన అడ్రసు, చేరిన అడ్రసు, నెట్‌వర్క్ పేరు, సమయం అన్నీ అక్షరం తప్పకుండా ఒక కాగితం మీద రాసుకుని 1930కి చెప్పండి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో నమోదు చేయండి. ఆ కాగితం కాపీ తీసుకుని మీ పోలీస్ స్టేషన్‌కు కూడా వెళ్లండి. ఫిర్యాదు నంబరు తీసుకోకుండా ఇంటికి రాకండి.