భారం ఎవరి మీద వేస్తావు?

చిరంజీవి మేనల్లుడికి,

అమెరికాలోని ఇర్వింగ్‌లో నీ కంపెనీ నిలదొక్కుకుంటోందని మీ అమ్మ సంతోషంగా చెప్పింది. హైదరాబాద్‌లో ఎంపిక చేసుకున్న అబ్బాయికి హెచ్‌1బీ వర్క్ వీసా పిటిషన్ వేయాలా, ఆగాలా అని అడిగావు. ఎడిసన్‌లో చాలాకాలం కన్సల్టెన్సీల జీతాల లెక్కలు చూసినవాణ్ణి కాబట్టి సూటిగానే రాస్తున్నాను.

అమెరికా బయట ఉన్నవారికి కొత్త హెచ్‌1బీ పిటిషన్ వేయాలంటే లక్ష డాలర్లు కట్టాలని 2025 సెప్టెంబరులో అధ్యక్షుడి ప్రకటన వచ్చింది. పెద్ద కంపెనీలు అలాంటి ఉద్యోగుల పనిని హైదరాబాద్‌లోని తమ ఆఫీసుకే మళ్లించుకోగలవు. ఇరవైమందితో నడిచే నీకు ఆ వీలు లేదు. కాబట్టి ఆ అబ్బాయికి ఆశ పెట్టకు. ఇవాళే ఫోన్ చేసి ఉన్నమాట చెప్పు. నీ మాట నమ్మి అతను ఇంకో ఉద్యోగం వదులుకుంటే ఆ నష్టం నువ్వు తీర్చలేవు.

అమెరికాలోనే చదువుకుని ఓపీటీ (చదువు తరవాత ఇచ్చే తాత్కాలిక పని అనుమతి) మీద ఉన్నవారికి దేశం దాటకుండా స్టేటస్ మారిస్తే ఆ లక్ష వర్తించదని 2025 అక్టోబరులో అమెరికా వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్ చెప్పింది. నీకున్న దారి అదే. అయితే హెచ్‌1బీకి ఎంపిక చేసే లాటరీ కూడా ఇప్పుడు మారింది. 2026 ఫిబ్రవరి నుంచి అమలైన నిబంధన ప్రకారం అన్నిటికన్నా పైదైన నాలుగో వేతన స్థాయి వారి పేరు నాలుగుసార్లు, మొదటి స్థాయి వారి పేరు ఒక్కసారే లెక్కలోకి వస్తుంది. కొత్తగా చదువు ముగించిన పిల్లలకు ఇది పెద్ద దెబ్బ. జీతం ఎక్కువ చూపించి తరవాత సర్దుకుందాం అనేవాళ్లు నీ దగ్గరికి తప్పక వస్తారు. నిజంగా పెంచగలిగితే పెంచు, కాగితం మీద మాత్రం పెంచకు.

ఇలాంటి తెలివి ఎక్కడికి తీసుకెళ్తుందో 2023లో చూశాం. ఉన్నవి ఏడాదికి 85,000 వీసాలు, లాటరీకి రిజిస్ట్రేషన్లు 7.5 లక్షలు దాటాయి. ఒకే మనిషికి నాలుగైదు కంపెనీల పేరుతో వేశారు. అందులో మన తెలుగు కన్సల్టెన్సీలూ ఉన్నాయని రాయడానికి బాధగా ఉంది. మరుసటి ఏడాది నుంచి ఎన్ని కంపెనీలు వేసినా మనిషికి ఒకే అవకాశం అన్నారు. ఈలోగా నిజాయితీగా వేసిన చిన్న కంపెనీలన్నిటి మీదా అనుమానం పడింది.

నిబంధన అన్యాయమనిపిస్తే పోరాడే దారి ఉంది. క్లయింట్ల దగ్గర పనిచేసేవారి పిటిషన్లకు 2018లో పెట్టిన కఠిన షరతులపై ఐటీ కంపెనీల సంఘం ఐటీసర్వ్ అలయెన్స్ కోర్టుకెక్కి 2020 మార్చిలో గెలిచింది. అందులో ఉన్నవి ఎక్కువగా నీలాంటి చిన్న కంపెనీలే. వాళ్లతో కలిసి నడువు.

నాకు అన్నిటికన్నా దిగులు పుట్టించేది వేరే ఉంది. ఖర్చు పెరిగిన ప్రతిసారీ యజమాని చెయ్యి ముందు ఉద్యోగి జీతం మీదికే వెళ్తుంది. పిటిషన్ ఫీజు అతని దగ్గర వసూలు చేయడం, ప్రాజెక్టు అయిపోతే బెంచ్ పేరుతో జీతం ఆపడం నా కళ్లారా చూశాను. హెచ్‌1బీ మీద ఉన్నవాడికి ప్రాజెక్టు లేకున్నా జీతం ఇవ్వాల్సిందేనని చట్టం. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల్లో ఇంకో కంపెనీ చూసుకోవాలి, లేదా ఇల్లు ఖాళీ చేసి, బడికెళ్లే పిల్లలతో దేశం విడవాలి. ఆ భయంతోనే వాడు నోరెత్తడు. నోరెత్తలేదు కదా అని ఒప్పుకున్నట్టు లెక్కేయకు.

ఈ నెల జీతాలు వేసేలోగా బెంచ్ మీద ఉన్నవారి లెక్క నువ్వే స్వయంగా చూడు. బాకీ ఉంటే ముందు అది తీర్చు, కొత్త పిటిషన్ సంగతి ఆ తరవాత.

ఆశీస్సులతో,
మామయ్య