బ్యాక్టీరియాకూ వైరస్ సోకుతుందా?



సూక్ష్మజీవుల పాఠం చెప్పేటప్పుడు ప్రతి క్లాసులోనూ వచ్చే డౌట్ ఒకటుంది: "టీచర్, బ్యాక్టీరియా, వైరస్ రెండూ ఒకటేనా?" కాదు. బ్యాక్టీరియా ఒక జీవకణం. తిని, పెరిగి, తనంతట తానే రెండుగా చీలుతుంది. వైరస్ ఇంకో కణంలోకి చేరితేనే పెరుగుతుంది. ఆ కణం బ్యాక్టీరియాదైనా కావచ్చు. అలా బ్యాక్టీరియాకు సోకే వైరస్‌లే బ్యాక్టీరియోఫేజ్‌లు. వీటిని 1915లో ట్వోర్ట్, 1917లో డెరెల్ విడివిడిగా గుర్తించారు.

మన మట్టిలో

సామర్లకోట చుట్టుపక్కల వరి కోశాక వేసే మినుము వేర్లకు చిన్న బుడిపెలు ఉంటాయి. వాటిలోని రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. తొలకరి జల్లుకు వచ్చే మట్టివాసనకు ముఖ్య కారణం స్ట్రెప్టోమైసిస్ అనే మరో బ్యాక్టీరియా. ఈ రెండింటికీ వేర్వేరు ఫేజ్‌లు ఉన్నాయి.

ఫేజ్ ఏం చేస్తుంది?

1. తనకు సరిపడే బ్యాక్టీరియాకు అతుక్కుంటుంది.
2. తన డీఎన్ఏను లోపలికి పంపుతుంది.
3. ఆ కణంలోనే తనలాంటి ఫేజ్‌లు పదుల కొద్దీ తయారవుతాయి.
4. కణం పగిలి అవన్నీ బయటపడతాయి.

కొన్ని ఫేజ్‌లు వెంటనే చంపకుండా లోపలే నిద్రాణంగా ఉంటాయి. మనిషి కణాలకు మాత్రం ఇవి సోకవు.

మనవాడి కృషి

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. అక్కడే డగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలోని ఒక స్ట్రెప్టోమైసిస్ నుంచి ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. 1948లో వెలుగులోకి వచ్చిన ఈ మందు టెట్రాసైక్లిన్లలో మొదటిది.

ఇంట్లో ఎందుకు పనికొస్తుంది?

యాంటీబయాటిక్స్ బ్యాక్టీరియా మీదే పనిచేస్తాయి, వైరస్ మీద కాదు. మామూలు జలుబు వైరస్ వల్లే వస్తుంది. కాబట్టి పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్‌ను పిల్లలకు వేయకండి. అనవసరంగా వాడితే మందుకు లొంగని బ్యాక్టీరియా పెరుగుతుంది, నిజంగా అవసరమైన రోజున ఆ మందు పనిచేయకపోవచ్చు. అలాంటి మొండి బ్యాక్టీరియా కోసమే ఇప్పుడు డాక్టర్లు ఫేజ్ చికిత్స వైపు మళ్లీ చూస్తున్నారు. జార్జియా దేశంలో ఇది ఎప్పటినుంచో ఉంది.

పిల్లలతో చేసి చూడండి

మినుము చేలు పచ్చగా ఉన్నప్పుడు, రైతును అడిగి ఒక మొక్కను వేళ్లతో సహా తీయండి. మట్టి కడిగి, ఒక బుడిపెను మీరే బ్లేడుతో కోసి చూపించండి. లోపల గులాబీ రంగు కనిపిస్తే రైజోబియం చక్కగా పనిచేస్తున్నట్టే. తర్వాత చేతులు సబ్బుతో కడిగించి, ఈ రెండు ప్రశ్నలు అడగండి:

• ఈ బ్యాక్టీరియాకు ఫేజ్ సోకితే మొక్కకు ఏమవుతుంది?
• జలుబుకు యాంటీబయాటిక్ ఎందుకు పనిచేయదు?

జవాబులు సైన్స్ నోట్‌బుక్‌లో రాయించి పంపండి. క్లాసులో చర్చిద్దాం.