తెరచుకోని దృశ్యం

పాఠ్యభాగ ఉద్దేశం

అక్షరాన్ని తాటాకు మీద, రాగిరేకు మీద, కాగితం మీద భద్రపరచిన తెలుగువారు ఇరవయ్యవ శతాబ్ది చివరి దశాబ్దాల నుండి దృశ్యాన్నీ, ధ్వనినీ కూడ ఇంటింటా భద్రపరచుకోవడం మొదలుపెట్టారు. అందుకు సాధనం చేతి వీడియో కెమెరా, అనగా క్యామ్‌కార్డర్. అయితే దాచిన దానిని మరల చూడగలిగినప్పుడే దాచినందుకు ఫలం. క్యామ్‌కార్డర్‌తో తీసిన దృశ్యం కంప్యూటరులో ఎందుకు తెరచుకోదో, అప్పుడు ఏ వరుసలో ఏమి చేయాలో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తిరుపతికి సుమారు 5 కిలోమీటర్ల దూరంలో ఉన్న తిరుచానూరుకు అలమేలుమంగాపురమని మరొక పేరు. కార్తీకమాసంలో పద్మావతీ అమ్మవారి బ్రహ్మోత్సవాలు, వాటి చివర పద్మసరోవరంలో పంచమీతీర్థం జరిగే దినాలలో ఆ ఊరి ఇండ్లు చుట్టపక్కాలతో నిండిపోతాయి. అటువంటి ఒక ఇంట 2009లో పెండ్లి జరిగిందనుకొందాం. నలుగు పెట్టేటప్పుడు పెండ్లికూతురి అవ్వ ఒక పాట పాడింది. అది ఆమెకు తన అవ్వ నుండి నోటిపాఠంగా వచ్చిన పాట. ఏ పుస్తకంలోనూ అచ్చు కాలేదు. బంధువు ఒకరు ఆ సన్నివేశాన్ని క్యామ్‌కార్డర్‌లో చిత్రించారు. కొన్నేండ్లకు అవ్వ కాలం చేసింది. ఆ తరువాత మనుమరాలు బీరువాలో దొరికిన మెమరీ కార్డును కంప్యూటరుకు తగిలించింది. ఫైలు కనబడింది. దాని పేరు చివర ‘ఎం.టి.ఎస్.’ అని ఉన్నది. నొక్కితే నల్లని తెర తప్ప మరేమీ రాలేదు.

ఇటువంటి స్థితిలో చాలామంది పాట పోయిందని నిర్ణయించి కార్డును పారవేస్తారు. నిజానికి ఎక్కువ సందర్భాలలో పాట పోదు. దానిని చదివే విద్య ఆ కంప్యూటరుకు తెలియదు, అంతే.

పెట్టె – లిపి

ఒక సంస్కృత గ్రంథాన్ని తెలుగు లిపిలో వ్రాసిన తాళపత్రాలు ఉన్నాయి. అదే గ్రంథాన్ని గ్రంథలిపిలో వ్రాసినవీ ఉన్నాయి. తెలుగు లిపి మాత్రమే తెలిసిన వాని చేతికి గ్రంథలిపి ప్రతి వస్తే అతడు దానిని చదువలేడు. అంతమాత్రాన ఆ ప్రతి చెడిపోయిందనడం తగదు. వీడియో ఫైలు సంగతి కూడ ఇట్టిదే.

ప్రతి వీడియో ఫైలులో రెండు అంశాలను వేరుచేసి చూడాలి. మొదటిది పెట్టె; దీనిని సాంకేతికులు కంటైనర్ అంటారు. బొమ్మను, ధ్వనిని, వాటి కాలక్రమాన్ని ఒకచోట అమర్చి ఉంచడం దాని పని. ఎం.పి.4, ఏ.వి.ఐ., ఎం.టి.ఎస్. అనేవి పెట్టెల రకాలు. రెండవది లోపలి లిపి. దీనిని కోడెక్ అంటారు. బొమ్మను, ధ్వనిని ఏ సూత్రం ప్రకారం కుదించి వ్రాశారో ఆ సూత్రమే కోడెక్. ఫైలు పేరు చివరనున్న మూడు నాలుగు అక్షరాలు పెట్టెకు అంటించిన చీటీ వంటివి మాత్రమే. చీటీని చూసి లోపలి లిపిని నిశ్చయించలేము.

కుదించడం ఎందుకనే ప్రశ్న కలుగవచ్చు. పూర్తి హెచ్.డి. చిత్రంలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. ఒక్కొక్క చుక్క రంగుకు 3 బైట్లు కావాలి. మన దేశంలో వాడుకలో ఉన్న పద్ధతిలో సెకనుకు 25 చిత్రాలు. ఈ సంఖ్యలను గుణిస్తే సెకనుకు 15 కోట్ల 55 లక్షల బైట్లు అవుతాయి. సోనీ, పానసోనిక్ సంస్థలు 2006లో ప్రకటించిన ఏ.వి.సి.హెచ్.డి. పద్ధతి దీనిని సెకనుకు గరిష్ఠంగా 30 లక్షల బైట్లకు తగ్గించింది. అనగా సుమారు యాభైయవ వంతు. ఆ పద్ధతిలో బొమ్మకు హెచ్.264 అనే కోడెక్, ధ్వనికి ఎక్కువగా డాల్బీ వారి ఏ.సి.3 అనే కోడెక్ వాడారు. ఎం.టి.ఎస్. ఫైళ్ళు ఆ పద్ధతిలో పుట్టినవే. ఇంతగా కుదించిన దానిని విప్పే సూత్రం కంప్యూటరులో లేకపోతే నల్లని తెరయే మిగులుతుంది.

నిదానం

వైద్యశాస్త్రంలో చికిత్సకు ముందు నిదానం, అనగా రోగకారణాన్ని నిర్ణయించడం విధి. ఇక్కడ కూడ ఆ క్రమమే పాటించాలి.

1. ముందు ప్రతి తీయాలి. ఎస్.డి. కార్డు ప్రక్కన ఉండే చిన్న మీటను ‘లాక్’ వైపు జరిపితే సాధారణంగా కంప్యూటరు దానిపై ఏమీ వ్రాయదు. తరువాత కార్డులోని ఫోల్డర్లన్నిటినీ వాటి అమరిక చెడకుండా కంప్యూటరులోకి నకలు చేయాలి. ప్రయోగాలన్నీ ఆ నకలు మీదనే చేయాలి. కార్డును ఫార్మాట్ చేయమంటారా అని కంప్యూటరు అడిగితే వద్దనే చెప్పాలి.

2. పరిమాణాన్ని పోల్చాలి. కార్డులోని ఫైలు పరిమాణం, నకలు పరిమాణం సమానంగా ఉండాలి. నకలులో సున్న అని గాని, తక్కువ అని గాని కనబడితే నకలు పూర్తి కాలేదని అర్థం. మరల చేయాలి.

3. వీలైతే కెమెరాలోనే చూడాలి. కార్డును తిరిగి కెమెరాలో పెట్టినప్పుడు దృశ్యం కనబడితే చిత్రణ క్షేమంగా ఉన్నది. లోపం కంప్యూటరు వైపున ఉన్నది.

4. మరొక ప్లేయరుతో చూడాలి. వి.ఎల్.సి. అనే ఉచిత ప్లేయరు అనేక కోడెక్‌లను తనలోనే ఇముడ్చుకొని వస్తుంది. 1996లో పారిస్ సమీపాన ఒక ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు ప్రారంభించిన పని అది. 2001 నుండి అందరికీ స్వేచ్ఛగా అందుతున్నది. అనేక సందర్భాలలో సమస్య ఇక్కడితోనే తీరుతుంది.

5. లక్షణాన్ని బట్టి కారణాన్ని ఊహించాలి. ధ్వని వచ్చి బొమ్మ రాకపోతే బొమ్మ కోడెక్ లేదు. బొమ్మ వచ్చి ధ్వని రాకపోతే ధ్వని కోడెక్ లేదు. రెండూ వచ్చి ఆగి ఆగి నడిస్తే కంప్యూటరుకు వేగం చాలలేదు, లేదా ఫైలును నేరుగా కార్డు నుండి చదవడం వల్ల ఆలస్యమవుతున్నది. ఏదీ రాకపోతే ఫైలే దెబ్బతిన్నదేమోనని పరీక్షించాలి. ఫైలులో ఏ కోడెక్ ఉన్నదో వి.ఎల్.సి.లోను, మీడియాఇన్ఫో అనే ఉచిత సాధనంలోను చూడవచ్చు.

మార్పిడి – దాని హద్దులు

కొందరు ఫైలు పేరు చివరనున్న ‘ఎం.టి.ఎస్.’ను తుడిచి ‘ఎం.పి.4’ అని వ్రాసి, మార్పిడి జరిగిందనుకొంటారు. ఊరగాయ జాడీకి తేనె అని చీటీ అంటించినంత మాత్రాన అది తీయగా మారదు. అయితే చీటీయే తప్పుగా ఉన్న సందర్భం ఒకటి ఉన్నది. జేవీసీ సంస్థ కొన్ని క్యామ్‌కార్డర్లలో ‘ఎం.ఒ.డి.’ అనే పేరుతో వచ్చే ఫైళ్ళలో ఉన్నది సాధారణమైన ఎంపెగ్-2 దృశ్యమే. దాని నకలుకు ‘ఎం.పి.జి.’ అని పేరు మార్చితే చాల ప్లేయర్లు గుర్తిస్తాయి. ఇక్కడ మారినది వస్తువు కాదు. తప్పు చీటీ సరియైనది.

నిజమైన మార్పిడి రెండు విధాలు. లోపలి బొమ్మను తాకకుండా పెట్టెను మాత్రమే మార్చడం ఒకటి. దీనివల్ల నాణ్యత తగ్గదు. లిపినే మార్చి మరల వ్రాయడం రెండవది. హ్యాండ్‌బ్రేక్ వంటి సాధనాలు ఈ పని చేస్తాయి. ఎఫ్.ఎఫ్.ఎంపెగ్ అనే సాధనం రెండు పనులూ చేయగలదు. మరల వ్రాసిన ప్రతిసారి కొంత సూక్ష్మత నశిస్తుంది. కనుక మార్చిన ప్రతి చేతికి వచ్చినా మూలప్రతిని తుడిచివేయరాదు.

సుదీర్ఘమైన చిత్రణలు మధ్యలో తెగినట్లు కనబడడం మరొక చిక్కు. ఎఫ్.ఎ.టి.32 అనే అమరికలో ఒక్క ఫైలు 4 గిగాబైట్లను చేరరాదు. కెమెరా ఒక ఫైలును ముగించి మరొకటి మొదలుపెడుతుంది. అవి తెగిన ముక్కలు కావు, వరుస భాగాలు. కెమెరా ఫోల్డరు మొత్తాన్ని తీసికొంటే వాటిని అతుకు కనబడకుండా కలుపవచ్చు.

ఫైలు నిజంగా దెబ్బతిన్న సందర్భాలు కూడ ఉంటాయి. ఎం.పి.4 ఫైలులో ఏ చిత్రం ఎక్కడ ఉన్నదో చెప్పే విషయసూచికను కెమెరాలు సాధారణంగా చిత్రణ ముగిసిన తరువాత వ్రాస్తాయి. ఆపు మీట నొక్కకముందే బ్యాటరీ ఊడితే విషయసూచిక లేకుండా పోతుంది. బొమ్మలు మాత్రం లోపల ఉంటాయి. అదే కెమెరాతో, అదే అమరికలో తీసిన మంచి ఫైలును నమూనాగా చూపితే, దానిని బట్టి విషయసూచికను తిరిగి నిర్మించే సాధనాలు ఉన్నాయి. అన్నివేళలా అవి ఫలిస్తాయనలేము. ఈ తొందరలో, దృశ్యం కనబడాలంటే ఫలానా కోడెక్ దించుకోండి అని ఊరూపేరూ లేని చోటు నుండి వచ్చే ప్రకటనలను నమ్మరాదు. వైరసులను చేరవేసే పాత మోసాలలో అది ఒకటి.

యంత్రం పోతే

మినీ డి.వి. టేపులలో దాచిన దృశ్యాల విషయంలో ఆలస్యం మరింత ప్రమాదకరం. టేపు ఫైలు కాదు. గంట టేపును కెమెరాలో గంటసేపు నడిపించి, ఫైర్‌వైర్ తీగ ద్వారా కంప్యూటరులోకి ఎక్కించాలి. అందుకు సుమారు 13 గిగాబైట్ల చోటు కావాలి. ఆ కెమెరాలు, ఆ తీగకు చోటున్న కంప్యూటర్లు నేడు అరుదైనాయి. ఈ ప్రమాదాన్ని గుర్తించిన యునెస్కో 2019లో ప్రపంచంలోని అయస్కాంత టేపుల విషయమై హెచ్చరిక జారీచేసింది.

యంత్రంతో పాటు జ్ఞానం మూతపడుతుందనడానికి ఇంగ్లండు నిదర్శనం. అక్కడ 1086లో ‘డోమ్స్‌డే’ అనే భూముల లెక్కల గ్రంథాన్ని చర్మపత్రాలపై వ్రాశారు. దాని 900వ వార్షికోత్సవానికి, 1986లో, బి.బి.సి. ప్రజల వ్రాతలు, చిత్రాలు సేకరించి లేజర్ డిస్కులలో నింపింది. పదిహేనేండ్లు గడిచేసరికి ఆ డిస్కులను చదివే యంత్రాలు అరుదైపోయాయి. పరిశోధకులు శ్రమించి, పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాము వ్రాసి సమాచారాన్ని రక్షించవలసి వచ్చింది. తొమ్మిది వందల ఏండ్ల నాటి చర్మపత్రాన్ని మాత్రం కన్నులున్న పండితుడు నేటికీ చదువగలడు.

తెలుగునాట ఇంతకంటె సన్నిహితమైన ఉదాహరణ ఉన్నది. తాళ్ళపాక అన్నమాచార్యుని సంకీర్తనలను ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యుని కాలంలో రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో దాచారు. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు ఇరవయ్యవ శతాబ్దిలో వాటిని పరిష్కరించారు. అక్షరం చెక్కుచెదరలేదు. ప్రతి పాటకు రాగం పేరు కూడ చెక్కి ఉన్నది. కాని స్వరలిపి లేదు. అందువల్ల సాహిత్యం చేతికి వచ్చినా, ఆనాటి గానం చెవికి రాలేదు. నేడు వినబడే వరుసలు చాలవరకు ఇటీవలి సంగీతజ్ఞులు కూర్చినవే.

అవ్వ పాట విషయంలో ఈ లోటు లేదు. అక్షరం, స్వరం, గొంతులోని కంపం అన్నీ ఆ ఫైలులో ఉన్నాయి. లేనిది రాగిరేకుకు ఉన్న నిలుకడ. కార్డు పదేండ్లలో మూగబోవచ్చు. కనుక మూలప్రతిని, అందరికీ తెరచుకొనే మార్చిన ప్రతిని రెండు వేరు సాధనాలలో ఉంచాలి. ఇంకొక నకలును వేరొక ఊరిలోని బంధువుల ఇంట ఉంచాలి. ఎవరు పాడారో, ఎప్పుడో, ఎక్కడో ఒక కాగితం మీద వ్రాసి జతచేయాలి. ఏటా ఒకసారి తెరచి చూడాలి. కొత్త పద్ధతులు వచ్చినప్పుడు అందులోకి మార్చాలి. పూర్వులు శిథిలమైన తాటాకు గ్రంథాలకు కొత్త ప్రతులు వ్రాయించినట్లే, ఈ తరం వారు ఫైళ్ళకు ప్రతులు తీయవలసి ఉన్నది.

కఠిన పదాలకు అర్థాలు

నిదానం = రోగకారణ నిర్ణయం
భాండాగారం = దాచి ఉంచే గది
పరిష్కరించు = ప్రతిని పరిశీలించి తప్పులు సరిచేయు
నిదర్శనం = ఉదాహరణ

ప్రశ్నలు

1. పెట్టెకు, లిపికి గల భేదాన్ని వివరించి, ఫైలు తెరచుకోకపోవడానికి కారణాలు వ్రాయండి.
2. ఫైలు పేరు మార్చడానికి, ఫైలును మార్పిడి చేయడానికి తేడా ఏమిటి?
3. తాళ్ళపాక రాగిరేకులలో నిలిచినదేమి? నిలువనిదేమి?
4. మీ ఇంట పెద్దలు పాడే పాట ఒకటి సేకరించి, దానిని ఏ విధంగా భద్రపరుస్తారో ఒక పుటకు మించకుండా వ్రాయండి.