కూర్పు పరిశీలన

ముద్రణ యంత్రం రాకపూర్వం తెలుగు కావ్యాలు తాళపత్ర ప్రతుల రూపంలో వ్యాప్తి చెందాయి. లేఖకుల పొరపాట్ల వలన ఒక ప్రతికీ మరొక ప్రతికీ భేదాలు ఏర్పడేవి. అందుచేతనే 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ ఒకే గ్రంథానికి పలు ప్రతులను సేకరింపజేసి, పండితుల సహాయంతో వాటిని సరిపోల్చి, పరిష్కరణకు పూనుకొన్నాడు. చేతనున్న ప్రతి ఎటువంటిదో తెలియకుండా అర్థనిర్ణయం చేయరాదన్నది ఆ సంప్రదాయం నేర్పిన నియమం. ఈ నియమం నేటి కంప్యూటర్ రంగానికి సైతం వర్తిస్తుంది.

పైథాన్, జావా వంటి భాషలలో రచించిన ప్రోగ్రాం తనంతట తాను నడవజాలదు. దానిలోని ఆదేశాలను గ్రహించి, యంత్రం చేత ఆచరింపజేసే మరొక సాఫ్ట్‌వేర్ అవసరం. దానినే రన్‌టైమ్ అంటారు. నాటకానికి రంగస్థలం ఎటువంటిదో ప్రోగ్రాంకు రన్‌టైమ్ అటువంటిది. రూపకర్తలు అందులోని దోషాలను సవరించి, కొత్త సౌకర్యాలను చేర్చి, ఎప్పటికప్పుడు నూతన రూపాలను విడుదల చేస్తుంటారు. ఒక్కొక్క రూపాన్ని కూర్పు లేదా వెర్షన్ అని వ్యవహరిస్తారు. ప్రోగ్రాంను రచించిన యంత్రంలో ఒక కూర్పు, దానిని వినియోగించే సర్వర్‌లో మరొక కూర్పు ఉన్నట్లయితే చిక్కులు తలెత్తే అవకాశం ఉంది.

ఆ చిక్కులు రెండు విధాలు. మొదటిది బాహాటంగా తెలిసేది. జావా 17వ కూర్పు కోసం సిద్ధం చేసిన ప్రోగ్రాంను జావా 8వ కూర్పు స్వీకరించదు. దోష సందేశాన్ని చూపి ఆగిపోతుంది. రెండవది గుప్తంగా ఉండేది. ఒక విద్యార్థికి రెండు పరీక్షలలో 7, 8 మార్కులు వచ్చాయనుకొందాం. సగటు కోసం 15ను 2 చేత భాగించమని పైథాన్‌లో వ్రాస్తే, 3వ కూర్పు 7.5 అని చెబుతుంది. 2వ కూర్పు భిన్నాన్ని విడిచిపెట్టి 7 అని చెబుతుంది. ఏ హెచ్చరికా ఉండదు. ప్రోగ్రాం సజావుగా నడిచినట్లే కనిపిస్తుంది. నష్టపోయేది విద్యార్థి. పైథాన్ 3వ కూర్పు 2008లో వెలువడింది. 2వ కూర్పుకు అధికారిక మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. అయితే మద్దతు ముగిసినంత మాత్రాన యంత్రంలోని పాత కూర్పు దానంతటదే తొలగిపోదు.

కూర్పు సంఖ్యను చదవడంలోనూ మెలకువ అవసరం. 3.10 అన్నది ఇక్కడ దశాంశ సంఖ్య కాదు. చుక్కకు ఇరువైపుల ఉన్న సంఖ్యలను వేర్వేరుగా గ్రహించాలి. గణితంలో 3.9 కంటే 3.10 చిన్నది; పైథాన్ కూర్పులలో 3.9 తరువాత వెలువడినదే 3.10.

ఈ పరిశీలన కష్టసాధ్యం కాదు. ప్రోగ్రాంను వినియోగంలోకి తేవడానికి ముందు, ఆ సర్వర్‌లోనే రన్‌టైమ్ పేరును, దాని వెంట వెర్షన్ చూపమనే సూచనను టైపు చేస్తే సంఖ్య తెరపై కనిపిస్తుంది. ఒకే యంత్రంలో రెండు మూడు కూర్పులు ఉండవచ్చు. కావున ఏవేవి ఉన్నవన్నదే గాక, ప్రోగ్రాంను నడపబోయేది ఏదన్నది తేల్చుకోవాలి. ప్రోగ్రాం ప్రారంభంలోనే కూర్పును పరీక్షించి, తగినది కానిచో ఆగిపోయేటట్లు వ్రాయడం మరింత క్షేమకరం. సర్వర్లు అనేకం ఉంటే ప్రతి ఒక్కదానినీ పరిశీలించాలి.

ఈ చివరి జాగ్రత్తను విస్మరిస్తే ఎంతటి అనర్థం కలుగుతుందో అమెరికాలోని నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ ఉదంతం నిరూపిస్తుంది. ఆ సంస్థ తన ఎనిమిది సర్వర్లలో కొత్త ప్రోగ్రాంను స్థాపించదలచింది. ఏడింటిలో స్థాపించారు, ఎనిమిదవ దానిలో పాతదే మిగిలిపోయింది. రెండవ వ్యక్తి సరిచూడలేదు. 2012 ఆగస్టు 1న మార్కెట్ తెరుచుకోగానే ఆ ఒక్క సర్వర్ కారణంగా లక్షల సంఖ్యలో అవాంఛిత లావాదేవీలు జరిగాయి. 45 నిమిషాల ఆ వ్యవహారం సంస్థకు 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చిపెట్టింది. మరుసటి ఏడాది ఆ సంస్థ మరొక సంస్థతో విలీనమైంది. అక్కడ తేడా వచ్చినది రన్‌టైమ్‌లో కాదు, ప్రోగ్రాం ప్రతిలో. అయినా గుణపాఠం ఒక్కటే.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదు. ఈ విషయంలో జ్ఞాపకం గాని, ఊహ గాని, తోటివారి మాట గాని ప్రమాణం కాదు. ప్రోగ్రాం నడవబోయే యంత్రం ఇచ్చే సమాధానమే ప్రమాణం. ఆ సమాధానాన్ని అడిగి తెలుసుకోవడం, తన ప్రోగ్రాంపై ఆధారపడే అపరిచితుల పట్ల రచయిత నెరవేర్చవలసిన ధర్మం.

ప్రశ్నలు

1. రన్‌టైమ్ అనగానేమి? దానిని రంగస్థలంతో పోల్చడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
2. కూర్పు భేదం వలన కలిగే రెండు విధాల చిక్కులను సోదాహరణంగా తెలపండి. వాటిలో ఏది ఎక్కువ ప్రమాదకరం? ఎందువలన?
3. నైట్ క్యాపిటల్ ఉదంతం నేర్పే గుణపాఠాన్ని మీ సొంతమాటలలో వ్రాయండి.