పాత ఇంటి బయటి గోడలు: పూత మార్చే ముందు

ఇటుక గోడకు బయటివైపు ఉండే పూత ఇంటికి మొదటి రక్షణ. వాన జల్లును అడ్డుకోవడం, ఎండ తాకిడికి ఇటుకలూ వాటి మధ్యనున్న సున్నమో సిమెంటో చెదరకుండా కాపాడడం దాని పని. ముప్పై, నలభై ఏళ్లు గడిచిన ఇళ్లలో ఈ పూత బీటలు వారుతుంది, ఉబ్బుతుంది, చివరకు పెచ్చులుగా ఊడిపడుతుంది. నగర శివార్లలోని పాత కాలనీలలో, రేవు పట్టణాల పెంకుటిళ్లలో, మిల్లు కార్మికుల కోసం కట్టిన వరుస ఇళ్లలో నివసించే తెలుగు కుటుంబాలకు ఇది పరిచితమైన సమస్య. రెండో అంతస్తు సజ్జ నుంచి ఊడిన పెచ్చు కింద నడిచే మనిషి ప్రాణం తీయగలదు. కనుక దీనిని రంగుల పనిగా మాత్రమే భావించడం తగదు.

చాలా ఇళ్లలో ఊడిన చోట సిమెంటు మెత్తి, పైన రంగు వేయించి ఊరుకుంటారు. రెండు వర్షాకాలాలు గడిచేసరికి అదే చోట, అంతకంటె ఎక్కువ మేర, పూత మళ్లీ ఊడుతుంది. గోడలోకి చేరిన నీటిని పట్టించుకోకపోవడమే ఇందుకు కారణం. ముందుగా నీరు వచ్చే దారి కనుక్కోవాలి. తరువాత గోడ దేనితో కట్టినదో తెలుసుకోవాలి. ఆ పిమ్మటే పూత వేయించాలి. మరమ్మతుకు సరైన వరుస ఇదే.

నీరు వచ్చే దారి

గోడలోకి నీరు మూడు వైపుల నుంచి చేరుతుంది. పైనుంచి వచ్చేది పిట్టగోడ బీటల ద్వారా, మూసుకుపోయిన తూముల ద్వారా దిగుతుంది. పక్కనుంచి వచ్చేది వాన జల్లు, లేదా గోడలో పగిలిన గొట్టం. కిందినుంచి వచ్చేది నేల చెమ్మ. ఇది ఇటుకలలోని సన్నని రంధ్రాల గుండా పైకి ప్రాకుతుంది.

మరక ఆకారాన్ని బట్టి మూలాన్ని చాలావరకు ఊహించవచ్చు. నేల నుంచి రెండు, మూడడుగుల ఎత్తు వరకు గోడ పొడవునా మరక ఉండి, దాని అంచున తెల్లని ఉప్పు పూస్తే అది నేల చెమ్మ. దీనినే గోడ చౌడెక్కడం అంటారు. ఎండాకాలంలో కూడా ఒకే చోట తడి ఆరకుండా ఉంటే గొట్టాన్ని అనుమానించాలి. కిటికీ పైమూలల్లోనే తడి కనిపిస్తే సజ్జను పరీక్షించాలి. సజ్జ అడుగున అంచు పొడవునా చిన్న గాడి ఉంటే నీరు అక్కడే బొట్టుగా జారిపోతుంది. గాడి లేకపోతే అడుగుభాగం వెంబడి నడిచి గోడను చేరుతుంది. వీధి రోడ్డు మీద పొర తరువాత పొర వేయడం వల్ల ఇంటి నేల పల్లమైపోయిన చోట వాననీరు గోడ మొదట్లో నిలుస్తుంది. అక్కడ పూత మార్చడం కంటె నీటికి వాలు కల్పించడం ముఖ్యం. సందుల్లో మొలిచే రావి, మర్రి మొక్కలను కోసి వదిలేస్తే మళ్లీ చిగురిస్తాయి. వేరుతో సహా తీసి ఆ సందు పూడ్చాలి.

గోడ దేనితో కట్టినది

స్వాతంత్ర్యానికి పూర్వం కట్టిన ఇళ్లలోను, ఆ తరువాత కట్టిన కొన్నింటిలోను ఇటుకలను సున్నంతో పేర్చారు. ఇసుక, సున్నం, ఇటుకపొడి కలిపి గానుగలో నూరిన గచ్చుతో పూత వేశారు. గోడ ఏ రకమో తెలుసుకోవడానికి పూత ఊడిన చోట ఇటుకల సందును ఇనుప మేకుతో గీకి చూడాలి. తెల్లగానో లేత ఎరుపుగానో పొడి రాలితే అది సున్నం. బూడిదరంగులో ఉండి మేకుకు లొంగకపోతే సిమెంటు.

ఈ తేడా తెలియకపోవడం వల్లనే మంచి గోడలు చెడిపోతున్నాయి. సున్నపు పూతలో నీటి ఆవిరి బయటికి పోయే సన్నని దారులుంటాయి. తడిసిన గోడ ఎండ కాయగానే ఆరిపోతుంది. దానిమీద దట్టమైన సిమెంటు పూత వేస్తే ఆ దారులు మూసుకుపోతాయి. లోపలి చెమ్మ బయటపడలేక ఇంకా పైకి ప్రాకుతుంది, లేదా గది లోపలి వైపు తేలుతుంది. నీటిలో కరిగి ఉన్న లవణాలు పూత వెనుక స్ఫటికాలుగా పేరుకొని ఇటుక ముఖాన్ని పిండి చేస్తాయి. పైకి గట్టిగా కనిపించే సిమెంటు వెనుక గోడ డొల్లబారుతుంది. చివరకు ఆ పూత పలకలుగా ఊడుతూ ఇటుక పొరను కూడా తనతో తీసుకుపోతుంది. నీరు చొరనివ్వని రంగులను చెమ్మగోడ మీద వేసినా ఇదే జరుగుతుంది. కనుక కొత్త పూత కింది గోడ కంటె గట్టిదై ఉండరాదు.

సున్నపు గోడకు సున్నపు పూతే తగినది. దానిని పలుచని పొరలుగా వేసి, తడి గోనెపట్టాలు కట్టి, నెమ్మదిగా ఆరనివ్వాలి. తమిళనాట కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలిపే పాత పద్ధతి తెలిసిన మేస్త్రీలు ఇప్పటికీ దొరుకుతారు. రాతి సున్నం నీటిలో వేసినప్పుడు ఉడుకుతుంది; తుంపర కంటిలో పడితే చూపుకే ప్రమాదం. ఆ పని పిల్లలకు దూరంగా జరగాలి.

సిమెంటు గోడకు సాధారణంగా 1 పాలు సిమెంటుకు 6 పాళ్ల ఇసుక సరిపోతుంది. సిమెంటు ఎక్కువైతే పూత గట్టిపడుతుందన్న నమ్మకం సగమే నిజం. ఎక్కువైన పూత ముడుచుకొని వల వలె సన్నని బీటలు తీస్తుంది. సముద్రపు ఇసుక వాడరాదు. నీరు కలిపిన సిమెంటును అరగంటలోపు గోడకు చేర్చాలి. తరువాత కనీసం 7 రోజులు తడపాలి. పాత పూతను తాపీ పిడితో తట్టి, డొల్ల శబ్దం వచ్చినంత మేరా తొలగించాలి. ఇటుకల సందులను అరంగుళం లోతుకు గీకి, కడిగి, తడి ఆరకముందే కొత్త పూత వేయాలి.

బీటలు, తుప్పు, రేకులు

వెంట్రుక వంటి బీటలు పూతకే పరిమితమైనవి. కిటికీ మూల నుంచి మెట్ల వలె ఏటవాలుగా సాగే బీట పునాది కుంగిందని సూచిస్తుంది. బీట రెండు కొనల వద్ద పెన్సిలుతో గీత గీసి తేదీ వ్రాయాలి; నెలలు గడిచేకొద్దీ బీట గీత దాటితే మేస్త్రీతో కాక ఇంజనీరుతో మాట్లాడాలి.

స్లాబు, దూలం, సజ్జ అడుగున ఎర్రని మరకతో పెచ్చులూడితే లోపలి ఇనుప కడ్డీ తుప్పు పట్టినట్లే. తుప్పు అసలు ఇనుము కంటె ఎన్నో రెట్లు చోటు ఆక్రమించి కాంక్రీటును బయటికి తోస్తుంది. యానాం, చెన్నై, ముంబయి వంటి చోట్ల ఉప్పుగాలి ఈ తుప్పును త్వరపెడుతుంది. కడ్డీని శుభ్రం చేయకుండా పైన సిమెంటు మెత్తడం పుండును కప్పిపెట్టడమే.

కొన్ని పాత ఇళ్లకు వాన కొట్టే వైపు ఆస్‌బెస్టాస్ రేకులు బిగించి ఉంటాయి. వాటిని కోసినా, పగలగొట్టినా వెలువడే సన్నని పోగులు ఊపిరితిత్తులకు తీవ్రమైన హాని చేస్తాయి. తీయవలసి వస్తే తడిపి, మేకులు విప్పి, రేకును ముక్కలు చేయకుండా దించాలి.

పనికి అనువైన కాలం

కర్ణాటక, మహారాష్ట్ర, ఒడిశాలలో నైరుతి వానలు ముగిసిన తరువాత, దసరా మొదలు మాఘం వరకు మంచి కాలం. ఒడిశా తీరంలో, యానాంలో అక్టోబరు, నవంబరు తుఫాన్లను దృష్టిలో ఉంచుకోవాలి. తమిళనాడు తీరంలో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి కనుక సంక్రాంతి తరువాత పని మొదలుపెట్టాలి. మే నెల ఎండలో పూత తొందరగా ఆరి పగులుతుంది.

పరంజా, దుమ్ము, శిథిలాలు

నగరాలలో పరంజా ఎక్కి పనిచేసేవారిలో పాలమూరు, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి వలస వచ్చినవారు ఎందరో ఉన్నారు. సర్వీసు తీగలకు దూరంగా పరంజా కట్టించడం, నడుముతాడు, శిరస్త్రాణం ఇప్పించడం పని చేయించేవారి ధర్మం. ఇంటి రంగులలో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచే అమలులోకి వచ్చింది. అంతకు పూర్వపు రంగును పొడిగా గీకరాదు. తడిపి గీకాలి, పసిపిల్లలను, గర్భిణులను ఆ దరికి రానీయరాదు. ఊడదీసిన పెచ్చులను కాలువలో పోయకుండా నగరపాలక సంస్థ చూపిన చోటికి పంపాలి.

ముంబయిలో 30 ఏళ్లు దాటిన భవనాలకు నిర్మాణ దృఢత్వ పరీక్ష చేయించాలని నగరపాలక చట్టం విధిస్తోంది. ఇతర నగరాలవారు తమ వార్డు కార్యాలయంలో నియమాలు విచారించుకోవాలి.

అద్దె ఇళ్లలో ఉన్నవారు పెచ్చులూడే చోటును తేదీతో ఫొటో తీసి, యజమానికి వ్రాతపూర్వకంగా తెలియజేయడం మంచిది. కేంద్రం 2021లో రూపొందించిన నమూనా అద్దె చట్టం నిర్మాణ సంబంధమైన మరమ్మతులను యజమాని బాధ్యతగా పేర్కొంది; అయితే దానిని స్వీకరించిన రాష్ట్రాలలోనే అది వర్తిస్తుంది. ఒప్పందపత్రంలో ఈ విషయం ముందే వ్రాయించుకోవడం ఉభయులకూ క్షేమం.

ఇరుగుపొరుగు భాషలలో

స్థానిక మేస్త్రీతో మాట్లాడేటప్పుడు కొన్ని మాటలు తెలిసి ఉండడం ఉపకరిస్తుంది. సున్నాన్ని కన్నడంలో సుణ్ణ, తమిళంలో సుణ్ణాంబు, మరాఠీలో చునా అంటారు. ఒడియా మాట కూడా దానికి దగ్గరే. పూతను కన్నడిగులు గారె అని, తమిళులు పూచ్చు అని, మరాఠీవారు గిలావా అని పిలుస్తారు. చెమ్మ తమిళంలో ఈరం, కన్నడంలో తేవ, మరాఠీలో ఓల్. తాపీ మేస్త్రీని తమిళనాట కొత్తనార్ అని, మహారాష్ట్రలో గవండి అని, ఒడిశాలో రాజమిస్త్రి అని అడగాలి.

పని అప్పగించే ముందు అడగవలసినవి

1. నీరు ఎక్కడి నుంచి వస్తోంది? దానిని ముందుగా ఎలా ఆపుతారు?
2. గోడ సున్నంతో కట్టినదా, సిమెంటుతో కట్టినదా? కొత్త పూతలో పాళ్లు ఎన్ని?
3. డొల్ల పూతను ఎంత మేర తీస్తారు? కొలత ఒప్పందంలో ఉన్నదా?
4. తడిపే పని ఎవరిది, ఎన్ని రోజులు?
5. పరంజా భద్రత, శిథిలాల తరలింపు ఎవరి ఖర్చు?

వీటికి స్పష్టమైన సమాధానం ఇవ్వగల మేస్త్రీ కొంత ఎక్కువ కూలి అడిగినా, ఆ ఇంటికి ఖర్చు తగ్గినట్లే.